సీసాకు రెండు గుప్పెళ్ళు

ఆసుపత్రి వంటగదిలో పనివాళ్ళ భోజనం మధ్యాహ్నం రెండింటికి. రోగులందరికీ ట్రేలు వెళ్ళిపోయాక, పొయ్యిలు ఆర్పేసి, పొడుగు బల్ల చుట్టూ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చుంటారు. ఆ రోజు కూరల వదిన తన కంచం పక్కన ఒక గాజుసీసా పెట్టుకుంది. ఒకప్పటి కాఫీపొడి సీసా. మూతకు బదులు మూతికి పల్చటి తెల్లగుడ్డ కట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది. లోపల మొలకెత్తిన పెసలు సన్నటి తెల్లతోకలతో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. అటుగా వెళ్తున్న డైట్ మేడమ్ కళ్ళు దాని మీద పడ్డాయి.

"ఏంటి వదినా ఇవి? ఇంట్లో చేశారా?"

ఏ రోగికి ఏం పెట్టాలో రాసిచ్చే ఉద్యోగం మేడమ్‌ది. వచ్చి ఏడాది కాలేదు. వదిన పెళ్ళి నాటికి ఈ పిల్ల ఉయ్యాల్లో ఉండి ఉంటుంది, అయినా మేడమ్ మేడమే.

"చెయ్యడానికేం ఉందండీ! రాత్రి నానబెట్టడం, పొద్దున నీళ్ళు వంచేసి సీసాని వాలుగా బోర్లించడం. పొద్దునోసారి సాయంత్రమోసారి కడిగి వంచెయ్యడం. మూడో రోజుకి అవే వస్తాయి. మనం చెయ్యాల్సిందల్లా ఊరికే వాటి జోలికి పోకుండా ఉండటం."

మేడమ్ చిటికెడు నోట్లో వేసుకుంది. నములుతూ ఆలోచించింది. నమలడం అయ్యేసరికి ఆలోచనా అయిపోయింది.

"రెండో అంతస్తు వార్డుకి సోమవారం నుంచి పెడదాం. అరవై మంది. సీసాలు నేను తెప్పిస్తాను, బాధ్యత మీది."

బల్ల చివర కూర్చున్న పెద్దాయన, పొయ్యిలన్నిటికీ యజమాని లాంటివాడు, పగలబడి నవ్వాడు. "వదిన చేతికిచ్చారా మేడమ్? ఇక ఆ పెసలకి కూడా నోరొచ్చేస్తుంది."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా వదినే నవ్వింది. పదకొండేళ్ళుగా కత్తి పట్టుకుని బల్ల దగ్గర నిలబడింది, క్యారెట్ ముక్క కొలిచినట్టు కోస్తుందని పేరుంది, కానీ ఇంతవరకు ఎవరూ ఏ పనికీ ఆమెను పేరు పెట్టి బాధ్యురాలిని చెయ్యలేదు. ఆ సాయంత్రం బస్సులో నిలబడే ఇంటికి వెళ్ళింది గానీ కాళ్ళు నొప్పెట్టినట్టు కూడా తెలియలేదు.

గురువారానికి సీసాలు వచ్చాయి. పన్నెండు అడిగితే ఎనిమిదే దొరికాయి. ఇంట్లో సీసాకు ఇవి కాస్త పెద్దక్కలు, అంతే. వంటగదిలో కొలతలన్నీ హెచ్చవేతలే. పదిమందికి సూపు కాచడం తెలిస్తే వందమందికి తెలిసినట్టే, నీళ్ళు పదింతలు, ఉప్పు పదింతలు. ఇంట్లో ముగ్గురికి రెండు గుప్పెళ్ళు కాబట్టి అరవై మందికి నలభై. ఎనిమిది సీసాలకు సర్దితే సీసాకు ఐదు. వదిన తన గుప్పెటతోనే లెక్కపెట్టి పోసింది, నానబెట్టింది. శుక్రవారం పొద్దున చూస్తే గింజలు ఉబ్బి సీసాల్లో సగం దాటి ఉన్నాయి. నీళ్ళు వంచేసి, పళ్ళేలు ఆరబెట్టే కమ్మీల స్టాండు మీద వరసగా, తలకిందులుగా, వాలుగా పెట్టింది. ఎనిమిది సీసాలు అలా నిండుగా కనిపిస్తుంటే ఆమెకు కడుపు నిండిపోయింది.

స్టాండు ఉండేది గిన్నెల తొట్టి పక్కన. తొట్టి గిన్నెల పిన్నిది. అరవైకి దగ్గరపడిన మనిషి, మోకాళ్ళు అరిగిపోయినా ఇరవైరెండేళ్ళుగా ఆ తొట్టి వదల్లేదు. మాటలు పొదుపు. కూరల వదిన పదిమాటలు మాట్లాడే చోట పిన్ని "ఊఁ" అంటుంది.

శనివారం సాయంత్రం ఏప్రాన్ విప్పుతూ వదిన అంది: "పిన్నీ, రేపు నాకు సెలవు. పొద్దునోసారి సాయంత్రమోసారి ఇవి కడిగి, నీళ్ళన్నీ కారేదాకా వంచి, మళ్ళీ ఇలాగే పెట్టు. గుడ్డ కట్టి. మూతలు మాత్రం పెట్టకు. గాలి ఆడాలి."

"ఊఁ," అంది పిన్ని.

సోమవారం బస్సు దారిలో ఆగిపోయి వదిన అరగంట ఆలస్యంగా వచ్చింది. వంటగది తలుపు తీయగానే పులిసిన వాసన ముక్కుకు కొట్టింది. స్టాండు మీద ఎనిమిది సీసాలూ ఖాళీగా, నిటారుగా ఉన్నాయి. పక్కన ఎనిమిది మూతలు. ట్రాలీ వాళ్ళు వచ్చి, మూతలు విప్పి, గిన్నెల్లోకి వంపుకుని పైకి తీసుకుపోయారు. కొత్త వస్తువు కదా, దాని వాసనే అంత కాబోలు అనుకున్నారట.

ఎనిమిదింటికల్లా ట్రేలన్నీ వెనక్కి వచ్చాయి. జిగటపట్టి, మట్టిరంగు తిరిగిన మొలకలు. ఒక్క ముసలి రోగి మాత్రం పెట్టింది పెట్టినట్టు తిని కక్కుకున్నాడు. మధ్యాహ్నానికి ఆయన కుదుటపడి బ్రెడ్డు అడిగాడు గానీ, ఈలోపు నర్సు రాసిన కాగితం పై ఆఫీసు దాకా వెళ్ళింది, అక్కడి నుంచి అంతకంటే పెద్ద కాగితం మేడమ్ దగ్గరికి వచ్చింది.

రెండింటికి, అందరూ కంచాల ముందు కూర్చున్నప్పుడు, మేడమ్ ఆ కాగితం పట్టుకుని వచ్చింది. ఆమె మొహంలో రక్తం లేదు.

"ఇది ఎలా జరిగింది?"

వదిన లేచి నిలబడింది. "నిన్న నేను లేను మేడమ్. శనివారం నేను వెళ్ళేటప్పటికి బాగానే ఉన్నాయి. మూతలు పెట్టకూడదు అని చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళాను. పొద్దున ట్రాలీ వాళ్ళు వచ్చేసరికి అన్నిటికీ మూతలున్నాయట."

"ఎవరు పెట్టారు?"

వదినే మాట్లాడింది. "పిన్నికి అప్పజెప్పానండీ."

అందరూ పిన్ని వైపు చూశారు. పిన్ని ముద్ద కంచంలో వదిలేసింది. "నేనే పెట్టాను. సాయంత్రం. అది కాదమ్మాయ్, నేను పెట్టేసరికే..."

"పెట్టేసరికే ఏంటి పిన్నీ! మూత బిగిస్తే ఊపిరాడక కుళ్ళిపోక ఏం చేస్తాయి? ఇంట్లో నాలుగేళ్ళుగా చేస్తున్నాను, ఒక్కసారైనా పాడయ్యాయా?"

పిన్ని నోరు మూసుకుంది. ముద్ద మళ్ళీ చేతిలోకి తీసుకుని, తినకుండా అలాగే పట్టుకుంది. పెద్దాయన తల అడ్డంగా ఊపి "పెద్దదానివి అయిపోయావు పిన్నీ" అన్నాడు, అందులో జాలి ఉందో విసుగు ఉందో ఆయనకే తెలియాలి. మేడమ్ అక్కడే నిలబడి కాగితం మీద రెండు వాక్యాలు రాసుకుంది.

మంగళవారం తొట్టి దగ్గర పిన్ని లేదు. ఆమెను కింద, నేలమాళిగలో, వార్డుల దుప్పట్లు ఉతికే చోటికి పంపేశారు. దిగడానికి ముప్పైనాలుగు మెట్లు. వంటగది భోజనం వంటగది వాళ్ళకే, కిందివాళ్ళు తెచ్చుకున్నది తినాలి. పిన్ని ఒంటరి మనిషి. రోజుకు ఆమె కడుపునిండా తినేది ఆ రెండింటి భోజనమొక్కటే అని వంటగదిలో అందరికీ తెలుసు. రెండింటికి ఆమె చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అక్కడ కూర్చోలేదు, ఎవరూ దాని గురించి మాట్లాడనూ లేదు.

వదిన కూడా తిన్నది. తప్పు చేసింది మరి, ఏం చేస్తాం, అనుకుంది. సాయంత్రం గేటు దగ్గర పిన్ని ఎదురైంది. చేతులు మోచేతుల దాకా తెల్లగా నాని, బ్లీచింగ్ వాసన వేస్తున్నాయి. వదిన పలకరింపుగా నవ్వబోయింది. పిన్ని పక్కనున్న గోడను చూస్తూ వెళ్ళిపోయింది.

మేడమ్ మాత్రం పట్టు వదల్లేదు. "వచ్చేవారం మళ్ళీ మొదలుపెడదాం వదినా. ఈసారి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రాసివ్వండి. గోడకి అంటిద్దాం."

వదిన దస్తూరీ కోడిగీతలు. ఇంట్లో మంచిగా రాసేది కూతురు. ఏడో తరగతి పిల్ల, ప్రశ్న అడగనిదే పెన్ను కదపదు.

"ఒకటి. మూత పెట్టరాదు," అని చెప్పింది వదిన.

"ఎందుకు?"

"పెడితే కుళ్ళిపోతాయి."

"నువ్వు పెట్టి చూశావా?"

"పెట్టి చూడటమెందుకే, తెలిసిందే కదా!"

"మరి చూడకుండా ఎలా తెలుసు?"

సోఫాలో కాళ్ళు చాపుకున్న భర్త పేపరు వెనక నుంచి కిసుక్కున నవ్వాడు. రోజంతా సిటీబస్సు నడిపి వచ్చే మనిషి, ఇంటికొచ్చాక తల్లీకూతుళ్ళ వాదనలే ఆయనకు కాలక్షేపం. "చూపించరాదూ," అన్నాడు.

వదినకు రోషం వచ్చింది. అప్పటికప్పుడు రెండు సీసాలు తీసి, ఒక్కోదానిలో రెండు గుప్పెళ్ళు పోసి నానబెట్టింది. బుధవారం పొద్దున నీళ్ళు వంచేసింది. గురువారానికి రెండిట్లోనూ తోకలు కనిపించాయి. ఆ సాయంత్రం కడిగి వంచాక, ఒకదానికి మామూలుగా గుడ్డ కట్టింది. రెండోదానికి, ఆసుపత్రిలో పిన్ని చేసినట్టే, మూత తిప్పి తిప్పి బిగించింది. "రేపు పొద్దున ముక్కు మూసుకుని తియ్యి," అంది కూతురితో.

శుక్రవారం పొద్దున పిల్ల పళ్ళైనా తోముకోకుండా వంటింట్లోకి పరిగెత్తి మూత విప్పింది. సీసా లోపలి గోడకు ఆవిరి చుక్కలు పట్టాయి. అంతే. ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. "పచ్చివాసన వస్తోందమ్మా. బాగానే ఉన్నాయి."

వదిన లాక్కుని చూసింది. ఒక పిడికెడు అరచేతిలోకి వంపుకుంది. తెల్లటి తోకలు, గట్టిగా, కరకరలాడుతూ. గుడ్డకట్టిన సీసాలో వాటికీ వీటికీ తేడా కనిపెట్టాలని చాలాసేపు చూసింది.

"అక్కడ సీసాకి ఎన్ని పోశావు?" అని అడిగింది కూతురు.

"ఐదు గుప్పెళ్ళు. సీసాలు కొంచెం పెద్దవిలే."

"ఐదా!"

షర్టు గుండీలు పెట్టుకుంటున్న భర్త తల తిప్పాడు. "నలభై మంది పట్టే బస్సులో వందమందిని ఎక్కిస్తే కిటికీలన్నీ తీసి ఉన్నా మధ్యలోవాడికి గాలి తగలదు," అని, తను ఏదో గొప్ప మాట అన్నట్టు కూడా అనుకోకుండా చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా వదిన కత్తి సరిగ్గా తెగలేదు. కత్తి తప్పు కాదు. సాయంత్రం రాగానే ఇంకో సీసా కడిగింది. ఐదు గుప్పెళ్ళు పోసి నానబెట్టింది. శనివారం పొద్దున నీళ్ళు వంచి, గుడ్డ కట్టి, వాలుగా బోర్లించింది. మూత దరిదాపులకు కూడా పోలేదు. వేళ తప్పకుండా కడిగింది. ఆదివారం పొద్దున బాగానే ఉన్నాయి. ఆమె కొంచెం తేలికపడింది. సోమవారం పొద్దున పనికి వెళ్ళేముందు సీసా మధ్యలోకి వేలు దూర్చింది. వేలికి వెచ్చగా తగిలింది. జ్వరం వచ్చిన పిల్లాడి నోట్లో వేలు పెట్టినట్టుంది. వేలు బయటికి తీస్తే జిగట. వాసన చూసింది. వంటగది తలుపు తీసినప్పుడు కొట్టిన వాసనే.

మూత లేదు. గాలి ఉంది. కడిగింది తనే.

*నేను పెట్టేసరికే.* ఆ మాట ఎక్కడ తెగిపోయిందో, తెంపింది ఎవరో ఇప్పుడు ఆమెకు తెలిసింది. పిన్ని మూతలు పెట్టేసరికే వాసన మొదలై ఉంటుంది. పక్కన పళ్ళేలు, ఈగలు, వాసన. మూత పెట్టింది అందుకే. వదిన తలుపు దగ్గరి స్టూలు మీద కూలబడింది. సిగ్గుతో చెవులు మండాయి. నాలుగేళ్ళుగా చేస్తున్నాను అని అంతమంది ముందు కూసింది తను.

"కాగితంలో మూత సంగతి కొట్టేసి రెండు గుప్పెళ్ళని రాయించు," అన్నాడు భర్త, విషయం విని. "ఇకముందు పాడవ్వవు. ఎవరికి తెలుస్తుంది?"

అదే మేలు అని ఒక నిమిషం పాటు వదినకు కూడా నిజంగానే అనిపించింది. తప్పు తనదని తెలిస్తే బల్ల పోతుంది. కత్తి పోతుంది. ముప్పైనాలుగు మెట్ల కింద దుప్పట్లు ఎదురుచూస్తుంటాయి. బస్సెక్కి, దిగి, ఏప్రాన్ కట్టుకునే దాకా ఆ నిమిషం ఆమె వెంటే వచ్చింది. క్యాబేజీ చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. నేరుగా మేడమ్ గదికి వెళ్ళింది.

నిలబడే అంతా చెప్పింది. మేడమ్ పెన్ను మూత పెడుతూ తీస్తూ విన్నది.

"ఇప్పుడేం చెయ్యను వదినా? పైకి రాసి పంపేశాను. ఇప్పుడు కాదంటే, ముందు కనుక్కోకుండా ఎలా రాశావని నన్నడుగుతారు. పిన్నికి ఇంకెంత, ఏడాదే కదా సర్వీసు. ఇకముందు జాగ్రత్తగా చేద్దాం. ఈ మాట ఇక్కడితో వదిలెయ్యండి."

అంటే వదిన బల్ల వదినకే. బయటికి వచ్చినప్పుడు ఆమెకు ఊపిరి తేలికగా ఆడింది, వెంటనే అలా ఆడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పన్నెండు దాటాక ఎవరికీ చెప్పకుండా నేలమాళిగ మెట్లు దిగింది.

కింద యంత్రాల హోరు. పిన్ని తడి దుప్పటి ఒక కొస పట్టుకుని, రెండో కొస కొక్కేనికి తగిలించి మెలిపెడుతోంది. వదిన రెండో కొస అందుకుంది. పిన్ని వద్దనలేదు. ఇద్దరూ కలిసి పిండారు. అప్పుడు వదిన, ఆ హోరులో వినపడటానికి, పిన్ని చెవి దగ్గరగా వంగి చెప్పింది. మూత కాదని, ఐదు గుప్పెళ్ళని, తప్పు తనదని.

పిన్ని దుప్పటి దులిపింది. "మూత పెట్టేటప్పటికే సీసాలు వెచ్చగా ఉన్నాయి. వాసన కొడుతోంది. ఇది చెబుదామనే నోరు తెరిచాను."

"నేనే చెప్పనివ్వలేదు పిన్నీ. నన్ను క్షమించు."

"నా మీద చెప్పింది ఎక్కడ?"

వదిన తడి చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంది.

"అందరి ముందు చెప్పావు. అన్నం దగ్గర. ఇప్పుడేమో చెవిలో చెప్తున్నావు." పిన్నికి ఇంత పొడుగు మాట అలవాటు లేదు, ఆగి ఊపిరి తీసుకుంది. "ఇరవైరెండేళ్ళలో నా చేతి మీదుగా ఒక్క మురికి గిన్నె పోలేదు. నాకు తిండి పోయిందని కాదమ్మాయ్."

ఇంకో దుప్పటి తీసుకుంది. ఈసారి రెండో కొస వదినకు ఇవ్వలేదు.

రెండింటికి అందరూ కూర్చున్నారు. వదిన కంచం ముందు పెట్టుకుని కూర్చోలేదు.

"కూర్చో వదినా, చల్లారిపోతోంది," అన్నాడు పెద్దాయన.

"ఒక మాట చెప్పి కూర్చుంటాను." నవ్వించడానికి ఎప్పుడూ తడుముకోని నోటికి ఇప్పుడు మొదటి మాట దొరకలేదు. "ఆ సోమవారం మొలకలు పాడైంది పిన్ని వల్ల కాదు. నా వల్ల. పట్టనన్ని పోశాను. ఇంట్లో చేసి చూశాను, మూత లేకుండానే అలాగే కుళ్ళాయి. పిన్ని చెప్పబోతే నేనే అడ్డుపడ్డాను. మీరందరూ విన్నారు కదా అది. ఇది కూడా వినండి."

గుమ్మంలో మేడమ్ ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "పొద్దున నాకు చెప్పారు," అంది చివరికి, అందరికీ వినపడేలా. "నేనే వదిలెయ్యమన్నాను." అలా అనాల్సిన అవసరం ఆమెకు లేదు. అన్నది మాత్రం అన్నది.

పెద్దాయన లేచి, ఒక కంచంలో అన్నం, కూర వడ్డించి, పైన ఇంకో కంచం బోర్లించి, తనే స్వయంగా మెట్ల వైపు నడిచాడు. ఆయన వంటగది దాటి ఇంకో చోటికి కంచం మోయడం ఎవరూ చూసి ఎరగరు. వదిన తన కంచంలోకి చూస్తూ కూర్చుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

రెండు రోజులకు పై ఆఫీసు నుంచి కొత్త కాగితం వచ్చింది. పిన్నిని వంటగదికి తిప్పి పంపుతున్నారు. మేడమ్ వదినను గదిలోకి పిలిచింది. ఈసారి కూర్చోమంది.

"తప్పు మీదని నేను పైకి రాశాక మిమ్మల్ని అదే బల్ల దగ్గర ఉంచితే పైవాళ్ళు ఊరుకోరు. కిందికి పంపమన్నారు, నేను ఒప్పుకోలేదు. పిన్నికి కూర్చుని చేసే పని ఇవ్వాలి, ఆ మోకాళ్ళతో తొట్టి దగ్గర ఇక నిలబడలేదు. తొట్టికి మనిషి కావాలి."

వదిన తన చేతుల వైపు చూసుకుంది. "ఎన్నాళ్ళండీ?"

"తెలీదు."

"సరే," అంది వదిన.

శుక్రవారం పొద్దున వదిన రబ్బరు తొడుగులు వేసుకుని తొట్టి ముందు నిలబడింది. రాత్రి సూపు గిన్నెలు మెడ లోతు ఉన్నాయి. అడుగంటిన చోట పీచుతో రుద్దుతుంటే భుజం లాగింది. మొదటి గంటలోనే తొడుగుల్లోకి నీళ్ళు దిగాయి. ఇరవైరెండేళ్ళు, అనుకుంది. అంతకుమించి ఏమీ అనుకోవడానికి తీరిక లేదు.

పక్కన బల్ల దగ్గర పిన్ని ఎత్తు స్టూలు మీద కూర్చుంది. కత్తిని గిన్నె తోమే పీచు పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకుంది. క్యారెట్లు కోస్తోంది. ముక్కలు ఒకటి బొటనవేలంత, ఒకటి చిటికెనవేలంత వస్తున్నాయి. వదిన చూడకూడదనుకుంటూనే చూస్తోంది. పెద్దవి ఉడకవు, చిన్నవి చితికిపోతాయి. నాలుక కొసదాకా వచ్చింది మాట. నోరు గట్టిగా మూసుకుని గిన్నె తోమింది. ఇంకో గిన్నె తోమింది. పొద్దున్నుంచి వాళ్ళిద్దరి మధ్య ఒక్క మాట లేదు. ఇవాళే కాదు, నేలమాళిగలో పిన్ని దుప్పటి కొస ఇవ్వని రోజు నుంచీ లేదు.

కత్తి చప్పుడు ఆగింది. పిన్ని ఒక ముక్క ఎత్తి వెలుతురులో పట్టుకుని, దాన్నే చూస్తూ అడిగింది:

"ఇంత ఉంటే చాలా?"

వదిన చేతులు నురగలో ఆగిపోయాయి. "ఇంకొంచెం చిన్నవి, పిన్నీ."

"ఊఁ," అని పిన్ని ఆ ముక్కను బల్ల మీద పెట్టి రెండుగా కోసింది.